జాన్ హెన్రీ పాటర్సన్: అమ్మకాన్ని చదువుగా మార్చిన మనిషి

పదిమందిని పోగుచేసి ఒక పని మొదలుపెట్టడం తేలికే. నెల తిరిగేసరికి ఆ పదిమందిలో ముగ్గురే పనిలో మిగలడం మనందరికీ అనుభవమే. మిగతా ఏడుగురూ ఎక్కడికీ పోరు. మన మధ్యనే వుంటారు, మీటింగులకు వస్తారు, టీ తాగుతారు, అన్నిటికీ తల వూపుతారు. పని మాత్రం సాగదు. అలాంటి వాళ్లను ఏం చెయ్యాలి? తిట్టాలా, బతిమాలాలా, పేరు కొట్టేసి కొత్తవాళ్లను చూసుకోవాలా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి పుట్టింది కాదు. ఇప్పుడు మీ చేతుల్లో వున్న ఈ సంచికకు వ్యాపార ప్రకటనలు సేకరించే బాధ్యత ఈ ఏడు నా నెత్తిన పడింది. ఎనిమిదిమందిమి బయలుదేరాం. మూడు వారాలు గడిచేసరికి ముగ్గురం కలిసి తెచ్చినవి పదకొండు ప్రకటనలు, మిగిలిన అయిదుగురు తెచ్చినవి సున్న. ఆ అయిదుగురి పేర్లూ కాగితం మీద రాసి, కొట్టేద్దామని కలం తీసిన రోజున, కామర్సు చెప్పే మా లెక్చరరుగారొకరు ఆ కాగితం చూసి, ముందు పాటర్సన్ జీవితం చదువు, తర్వాత కొట్టేద్దువుగాని అన్నారు. నేను సైన్సు విద్యార్థిని. ఆ పేరు అంతవరకు విననే లేదు. చదివాక, ఒక్కడినే చదువుకుని వూరుకోవడం భావ్యం కాదనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

జాన్ హెన్రీ పాటర్సన్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డేటన్ పట్టణం దగ్గర, వ్యవసాయ కుటుంబంలో 1844 డిసెంబరు 13న పుట్టాడు. పొలం పనులు తెలిసినవాడు. డార్ట్‌మత్ కాలేజీలో చదివి 1867లో పట్టా పుచ్చుకున్నాడు. పట్టా అయితే వచ్చింది గాని దాని వెంట చెప్పుకోదగ్గ ఉద్యోగమేమీ రాలేదు. చివరికి డేటన్ మీదుగా పోయే కాలువలో పడవల దగ్గర సుంకం వసూలు చేసే పని దొరికింది. నేటి మన పట్టభద్రులకు ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. తర్వాత అన్నదమ్ములతో కలిసి బొగ్గు వ్యాపారంలోకి దిగాడు.

అదే డేటన్‌లో జేమ్స్ రిట్టి అనే అతను మద్యం దుకాణం నడిపేవాడు. దుకాణం నిండా జనమే, గల్లాపెట్టెలో మాత్రం డబ్బు నిలిచేది కాదు. గల్లా దగ్గర కూర్చున్నవాళ్లే చేతివాటం చూపేవారు. ఆ దిగులుతోనే ఓడెక్కి యూరపు వెళుతూ, ఓడ అడుగున తిరిగే చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కగట్టే పరికరాన్ని చూశాడు. చుట్లను లెక్కపెట్టే యంత్రం వున్నప్పుడు డబ్బును లెక్కపెట్టే యంత్రం ఎందుకు వుండకూడదని అతనికి తోచింది. 1879లో సోదరుడితో కలిసి దానికి పేటెంటు తీసుకున్నాడు. లోకానికి క్యాష్ రిజిస్టరు వచ్చింది అలా. అయితే యంత్రాన్ని కనిపెట్టడం వేరు, అమ్మడం వేరు. రిట్టి అమ్మలేకపోయాడు. హక్కులు చేతులు మారాయి.

పాటర్సన్ సోదరులకు కోల్టన్ అనే చోట, గనుల దగ్గర, ఒక సరుకుల కొట్టు వుండేది. బేరాలు బాగానే సాగుతున్నా ఏటికేడాది నష్టమే. ఈ యంత్రం మాట విని తెప్పించి పెట్టారు. కొద్ది నెలల్లోనే నష్టం లాభంగా మారింది. తన కొట్టును నిలబెట్టిన యంత్రం ప్రతి కొట్టునూ నిలబెడుతుందని నమ్మి, 1884లో పాటర్సన్ ఆ యంత్రాలు చేసే కంపెనీని 6,500 డాలర్లకు కొన్నాడు. వూరంతా నవ్వింది. ఆ నవ్వుకు అతను జడిసిపోయి, మర్నాడే అమ్మినవాడి దగ్గరకు పోయి, రెండు వేల డాలర్లు ఎదురిస్తాను, కంపెనీ నువ్వే వెనక్కి తీసుకో అని బతిమాలాడని చెబుతారు. ఆయన ససేమిరా అన్నాడట. ఇక దారిలేక పాటర్సన్ దానికి నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ అని పేరుపెట్టి పనిలోకి దిగాడు. అప్పటికి అతనికి నలభయ్యో ఏడు. గొప్పవాళ్లందరూ మొదటి నుంచీ ధీమాగా వుంటారని మనం అనుకుంటాం. ఈయన జీవితం దానికి సాక్ష్యం చెప్పదు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. యంత్రం మంచిదే గాని, దాన్ని కావాలని అడిగేవాడు లేడు. కొట్టు యజమానికి చూపిస్తే, మా వాళ్లను నేను అనుమానిస్తున్నట్టు వుంటుంది అంటాడు. గుమాస్తాల సంగతి సరేసరి, దాన్ని దొంగల్ని పట్టే బోనుగా చూసేవారు. అమ్మబోయిన సేల్స్‌మన్‌ను గడప తొక్కనిచ్చేవారు కాదు. అతను వుత్సాహంగా వూరు బయలుదేరి, నాలుగు కొట్లు తిరిగి, నాలుగు చోట్లా మాటపడి, అయిదో కొట్టు ముందు నిలబడి లోపలికి పోవాలా వద్దా అని ఆలోచించేవాడు. వారం రోజులు బోణీ లేకపోతే ఎంతటివాడికైనా కాళ్లు బరువెక్కుతాయి. ఇక ఆ మనిషి హోటలు గదిలోనే పొద్దుపుచ్చేవాడు. పై నుంచి చూసేవాడికి అది బద్ధకంగానే కనబడుతుంది.

ఆ రోజుల్లో అందరి నమ్మకమూ ఒకటే. అమ్మే నేర్పు పుట్టుకతో రావాలి, లేనివాడికి రాదు, కాబట్టి రానివాణ్ణి పంపించెయ్యాలి. పాటర్సన్ ఈ మాటను ఒప్పుకోలేదు. అతని దగ్గర జోసెఫ్ క్రేన్ అనే సేల్స్‌మన్ వుండేవాడు. మిగతావాళ్లు ఒట్టి చేతులతో తిరిగివచ్చే చోట క్రేన్ అమ్ముకొచ్చేవాడు. ఏం మాట్లాడి అమ్ముతున్నాడో ఆరా తీస్తే, ప్రతి కొట్టులోనూ అతను దాదాపు అవే మాటలు, అదే వరుసలో చెబుతున్నాడని తేలింది. అంటే అందులో మాయ ఏమీ లేదు, ఒక పద్ధతి వుంది. పద్ధతి అయితే నేర్పవచ్చు. 1887లో ఆ మాటల్ని చిన్న పుస్తకంగా అచ్చువేయించి సేల్స్‌మెన్ అందరి చేతా కంఠతా పట్టించాడు. కొట్టువాడిని పలకరించడం ఎలా, అతని ఇబ్బంది అతనికే తెలిసేలా విషయం విప్పడం ఎలా, యంత్రం ఆడించి చూపించడం ఎలా, చివరికి సంతకం పెట్టించడం ఎలా అని అమ్మకాన్ని నాలుగు మెట్లు చేశాడు. మన ప్రయోగశాలలో ఒక ప్రయోగాన్ని మెట్లుమెట్లుగా రాసుకుంటామే, సరిగ్గా అదే.

పాతకాపులకు ఇది తల కొట్టేసినట్టయింది. చిలకపలుకులు వల్లించడానికా మేము వచ్చింది అని కొందరు ఎదురుతిరిగారు, కొందరు మానేశారు. పాటర్సన్ పట్టు వదల్లేదు. 1893లో అమెరికాలో ఆర్థికమాంద్యం వచ్చి వ్యాపారాలు మూతపడుతున్నప్పుడు, ఇంట్లో కూర్చోక తనే పట్టణం వెంట పట్టణం తిరిగి, ఏజెంట్లను కూర్చోబెట్టి, పాఠం అప్పజెప్పించుకుని, తప్పులు దిద్ది వచ్చాడు. ఆ సంవత్సరమే సేల్స్‌మెన్ కోసం డేటన్‌లో బడి పెట్టాడు. అమ్మకానికి బడి ఏమిటని లోకం అనుకునే రోజుల్లో పెట్టిన బడి అది. అక్కడ ఒకడు కొట్టు యజమాని వేషం కట్టేవాడు, ఒకడు అమ్మబోయేవాడు. బల్లమీద బొమ్మలు గీసి చెప్పేవారు. చెవి కన్న కన్ను త్వరగా నేర్చుకుంటుందని పాటర్సన్ గట్టి నమ్మకం.

మాట నేర్పితే సరిపోదు, మనిషికి ఆశ వుండాలి. సేల్స్‌మెన్ ఎందుకు డీలాపడుతున్నారో చూస్తే ఇంకో కారణం బయటపడింది. ఒకడు నెల్లాళ్లు తిరిగి దారికి తెచ్చిన బేరాన్ని ఇంకో ఏజెంటు తన్నుకుపోయేవాడు. అందుకని పాటర్సన్ ఎవరి ప్రాంతం వారికి హద్దులు గీశాడు. నీ ప్రాంతంలోని కొట్టువాడు వేరే చోటికి పోయి కొన్నా, కమీషన్ నీదే. తర్వాతి రోజుల్లో ఎవరెంత అమ్మాలో కోటా పెట్టాడు గాని, అందరికీ ఒకే కొలత పెట్టలేదు. ప్రాంతాన్ని బట్టి, అక్కడి జనాన్ని, వ్యాపారాన్ని బట్టి లెక్కగట్టాడు. కోటా పూర్తిచేసినవాళ్లకు నూరు పాయింట్ల సంఘమని ఒకటి పెట్టి, డేటన్‌కు పిలిపించి, అందరి ముందూ గౌరవించేవాడు. మెట్ట చేను కౌలుకిచ్చి మాగాణి దిగుబడి అడిగేవాడి దగ్గర ఎవడు మనసుపెట్టి దున్నుతాడు? ఈ సంగతి రైతుబిడ్డకు వేరే చెప్పనక్కర లేదు.

ఇంతచేసినా 1894లో పెద్ద దెబ్బ తగిలింది. ఇంగ్లండుకు పంపిన యంత్రాలు పనిచెయ్యక తిరిగి వచ్చాయి. వాటి ఖరీదు దాదాపు 50 వేల డాలర్లు. పాడైన సరుకు చేతికిచ్చి, అమ్మలేదేమని సేల్స్‌మన్‌ను నిలదీస్తే ఏం లాభం? పాటర్సన్ తన ఆఫీసు బల్లను తీయించి ఫ్యాక్టరీ మధ్యలో వేయించుకుని కూర్చున్నాడు. అప్పటిగ్గాని అతని కళ్లకు అసలు సంగతి కనబడలేదు. చీకటి గదులు, మురికి, కూలీలు చాలక విసుగెత్తిన మనుషులు. తాము చేసే యంత్రం మంచిదైతే వాళ్లకేమి, చెడ్డదైతే వాళ్లకేమి? ఒకనాడు ఒక పనిమనిషి వేడిగొట్టం మీద గిన్నె పెట్టి వుండగా చూసి, అది జిగురు కాబోలనుకున్నాడట. తీరా చూస్తే ఆమె మధ్యాహ్నం భోజనంలోకి కాఫీ వెచ్చబెట్టుకుంటోంది. అక్కడి నుంచి వేడి భోజనాలు వచ్చాయి. ఆడవాళ్లు వీపు ఆనించి కూర్చునే కుర్చీలు వచ్చాయి. గోడల్లో ఎక్కువ భాగం అద్దాలే వుండి వెలుతురు ధారాళంగా వచ్చే కట్టడాలు లేచాయి. పని బాగుపడే వుపాయం ఎవరు చెప్పినా బహుమతి ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఇదంతా దానధర్మం కాదు, దీనివల్ల లాభం వస్తుందని అతనే ఒప్పుకునేవాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఈ పద్ధతి అతని తర్వాతి వరుసవాళ్ల దాకా ఎలా పాకిందో చెప్పే కథ ఒకటుంది. 1896లో బఫెలో పట్టణం శాఖలో 22 ఏళ్ల కుర్రవాడు చేరాడు. అతనూ పల్లెటూరి రైతుబిడ్డే. బండి మీద కుట్టుమిషన్లు, హార్మోనియం వంటి వాద్యాలు అమ్మి, ఆ తర్వాత మాంసం కొట్టు పెట్టి చేతులు కాల్చుకుని వచ్చినవాడు. చేరిన మొదటి రెండు వారాలూ ఒక్క యంత్రం అమ్మలేదు. శాఖ మేనేజరు జాన్ రేంజ్ అతణ్ణి నిలబెట్టి చడామడా తిట్టాడు. ఉద్యోగం వదిలిపోదామని కుర్రవాడు నిశ్చయించుకునేంతగా తిట్టాడు. అయితే తిట్టడంతో ఆపలేదు. పద, ఇద్దరం కలిసి పోదాం, దొరక్కపోతే ఇద్దరికీ దొరకదు అని తనే వెంట బయలుదేరాడు. కుర్రవాడు పక్కన నిలబడి చూశాడు, పలకరింపు ఎలా వుంటుందో, కాదన్నవాడి దగ్గర ఎలా నిలబడాలో. ఏడాది తిరిగేసరికి ఆ ప్రాంతంలో పేరున్న సేల్స్‌మన్ అయ్యాడు. ఆ కుర్రవాడే థామస్ వాట్సన్. తర్వాతి కాలంలో ఐ.బి.ఎం. కంపెనీని నిర్మించినవాడు.

ఇది చదువుతుంటే మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. ఊడ్పుల్లో కొత్తగా వచ్చిన కూలిపిల్ల ఒకతె మునుంలో ఎప్పుడూ వెనకపడేది. గట్టు మీద నుంచి నేను కేకలేశాను. మా అమ్మ ఏమీ అనకుండా చీర ఎగదోపుకుని మళ్లోకి దిగి, ఆ పిల్ల పక్కన నాలుగు బారలు నాటింది. తర్వాత గట్టెక్కి నన్నే చివాట్లు పెట్టింది. ఆ పిల్ల మునుం దగ్గర నారుకట్టలు వెయ్యలేదు. కట్ట అయిపోయినప్పుడల్లా బురదలో అంత దూరం పోయి తెచ్చుకుంటోంది. నారు వెయ్యవలసినవాణ్ణి నేనే. గట్టు మీద నిలబడ్డవాడికి బద్ధకం కనబడింది, మళ్లోకి దిగినదానికి కారణం కనబడింది.

పాటర్సన్ బల్ల ఫ్యాక్టరీలోకి జరపడమూ, రేంజ్ కుర్రవాడి వెంట నడవడమూ మళ్లోకి దిగడమే. అతని జీవితంలో నేను నేర్చుకున్న ముక్క ఇదే. మందకొడి మనిషిలో తప్పు వెతికే ముందు పనిలో తప్పు వెతకాలి. మాట నేర్పామా, హద్దు చూపామా, కష్టానికి ఫలితం అతనికే దక్కుతోందా, చేతికిచ్చిన సరుకు మంచిదేనా? ఈ నాలుగూ సరిచేశాక కూడా కదలనివాడు వుంటే అప్పుడు వేరే మాట.

ఇక్కడితో ఆపితే ఇది భజన అవుతుంది గాని జీవితచరిత్ర కాదు. కింది సేల్స్‌మన్ విషయంలో అంత ఓర్పు చూపిన మనిషే, తన పక్కన కూర్చునే పెద్ద ఉద్యోగుల విషయంలో నిప్పుకణిక. తనకు ఇష్టమైన వ్యాయామం, తిండి నియమాలు అందరూ పాటించాలి. తెల్లవారుజామునే గుర్రపుస్వారీకి రావాలి. ఎవరు కొంచెం ఎత్తుకు ఎదిగినా ఓర్చేవాడు కాదు. ఒక ఉద్యోగి వూరి నుంచి తిరిగివచ్చేసరికి అతని బల్ల, కుర్చీ ఆఫీసు ముందు పచ్చికలో తగలబడుతున్నాయనీ, ఆ సంగతి చూసి అతను లోపలికి పోకుండానే వెళ్లిపోయాడనీ కథలు చెప్పుకుంటారు. అమ్మకాల శాఖను నడిపిన హ్యూ చామర్స్‌ను 1907లో తీసేశాడు. అతను పోయి సొంతంగా కార్ల కంపెనీ పెట్టాడు.

వ్యాపారంలోనూ మచ్చ వుంది. పోటీ కంపెనీలను బతకనివ్వకూడదని, 1903 నుంచి వాట్సన్ చేత రహస్యంగా పాత యంత్రాల దుకాణాలు పెట్టించి, పక్కవాళ్ల వ్యాపారాన్ని దెబ్బతీయించాడు. అమెరికా ప్రభుత్వం కేసు పెట్టింది. తను తీసేసిన చామర్సే కోర్టులో అతనికి ఎదురు సాక్ష్యం చెప్పాడు. 1913 ఫిబ్రవరిలో పాటర్సన్‌కు, వాట్సన్‌కు, మరికొందరికి శిక్షపడింది. పాటర్సన్‌కు ఏడాది జైలు, అయిదు వేల డాలర్ల జుర్మానా.

నెల దాటిందో లేదో, మార్చిలో డేటన్‌ను వరద ముంచెత్తింది. జైలు శిక్షపడిన ఆ ముసలివాడు ఫ్యాక్టరీ పని ఆపించి, వడ్రంగుల చేత దాదాపు 300 పడవలు కట్టించాడు. మిట్టమీద వున్న ఫ్యాక్టరీని నిరాశ్రయులకు ఇల్లు చేశాడు. అన్నం పెట్టాడు, వైద్యం చేయించాడు. వూరు బతికింది. 1915లో పై కోర్టు శిక్షను కొట్టేసింది. జైలుకు పోవలసిన పని పడలేదు. ఈ లోపలే వాట్సన్‌ను కూడా తీసేశాడు. వాట్సన్ 1914లో వేరే కంపెనీకి పెద్దగా వెళ్లాడు. అదే 1924లో ఐ.బి.ఎం. అయింది. అమ్మకాల బడి, కోటా, కోటా దాటినవారి సంఘం, అన్నీ డేటన్ నుంచే మోసుకుపోయాడు. క్యాష్ రిజిస్టరుకు విద్యుత్ మోటారు అమర్చిన చార్లెస్ కెట్టరింగ్ కూడా అక్కడి నుంచి బయటికి వచ్చే కారుకు సెల్ఫ్‌స్టార్టరు కనిపెట్టాడు. 1911 నాటికే పది లక్షల యంత్రాలు అమ్మిన కంపెనీ, తను తయారుచేసిన మనుషుల్ని మాత్రం నిలుపుకోలేకపోయింది. భయం మనిషిని పరిగెత్తించగలదు గాని నిలబెట్టలేదు. 1922 మే 7న, రైలు ప్రయాణంలోనే, 77 ఏళ్ల వయసులో పాటర్సన్ కన్నుమూశాడు.

ఇప్పుడు దుకాణాల్లో ఆ ఇత్తడి యంత్రాల గంట వినబడదు. గల్లా పక్కన క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతోంది. మనుషులు మాత్రం మారలేదు.

ఇక నా కాగితం సంగతి చెప్పి ముగిస్తాను. పేర్లు కొట్టెయ్యలేదు. ఆ అయిదుగురిలో ఒక మిత్రుడి వెంట ఒకరోజు బజారుకు పోయాను. సాయంత్రం బేరాలు ముమ్మరంగా వుండే వేళ కొట్టు ముందు నిలబడ్డాం. ఆ వేళే తప్పు. మధ్యాహ్నం మళ్లీ పోతే కొట్టాయన కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అసలు మాట చెప్పాడు. కిందటిసారి మేము ప్రకటనకు డబ్బు తీసుకుని, అచ్చయిన సంచిక ఆయనకు ఇవ్వనేలేదట. ఆయనకే కాదు, ఆ వీధిలో చాలామందికి. మా వాళ్లు అయిదుగురూ మొదటి రోజే ఆ మాట పడి, నాకు చెప్పడానికి మొహం చెల్లక, తిరగడం మానేశారు. డేటన్‌కు తిరిగొచ్చిన యంత్రాల్లాంటిదే మాదీ. చెడిపోయింది సరుకు, నేను నిందించింది మనుషుల్ని.

మర్నాడు సంఘం గదిలో మిగిలిపోయిన పాత సంచికలు మూట కట్టుకుని అందరం ఇంటింటికీ పోయినట్టు కొట్టుకొట్టుకూ పోయి ఇచ్చి, క్షమాపణ చెప్పుకున్నాం. అయిదుగురిలో నలుగురు తర్వాత నాకన్న ఎక్కువ ప్రకటనలు తెచ్చారు. అయిదో అతనికి ఈ పని ఇష్టం లేదు. ఆ మాట నిర్భయంగా చెప్పగలిగాడు, మేమూ నవ్వుతూనే వదిలేశాం. అతనూ మేమూ ఇప్పటికీ ఒకే బెంచీలో కూర్చుంటున్నాం.

ఈ సంచికలో వెనక పేజీల్లో ప్రకటనలిచ్చిన వ్యాపారులందరికీ ఈసారి ప్రతులు తప్పక అందుతాయి. పంచే జాబితా నా దగ్గరే వుంది. వచ్చే ఏడు ఈ బాధ్యత తీసుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఆ జాబితాతో బాటు నేను ఇవ్వగలిగింది ఈ నాలుగు పేజీలే.